పిల్లాడిని టీమ్‌లో చేర్చే ముందు: యువ క్రీడా సంఘాల్లో నడవడి నియమాలు

వేటపాలెంలో ఆదివారం పొద్దున ఖాళీ స్థలం కనబడితే చాలు, రెండు టీమ్‌లు దిగిపోతాయి. మగ్గాల ఇళ్ల పిల్లలు, జీడిపప్పు పనికి వెళ్లేవాళ్ల పిల్లలు, సముద్రం వైపు ఊళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చే కుర్రాళ్లు అందరూ కలిసే ఆడతారు. వాళ్లలో కాస్త బాగా ఆడేవాడు ఎవరో ఒకరి కంట్లో పడతాడు. వీణ్ణి చీరాలలోనో బాపట్లలోనో క్లబ్బులో చేర్చండి అని ఇంటికొచ్చి చెబుతారు. అబ్బా వెళ్లి ఫారం మీద సంతకం పెట్టి, ఫీజు కట్టి వస్తాడు. ఫారం వెనకవైపు చిన్న అక్షరాల్లో "సభ్యులు పాటించాల్సిన నియమాలు" అని ఉంటే అది చదివేవాళ్లు తక్కువ. చాలా చిన్న క్లబ్బుల్లో అయితే ఆ పేజీయే ఉండదు.

ఆ పేజీలో ఏముండాలి, అది ఎవరెవరిని కట్టేస్తుంది, దాని వెనుక ఏ చట్టాలు ఉన్నాయి అన్నది తల్లిదండ్రులకు తెలిసి ఉండాల్సిన విషయం. ఎందుకంటే క్లబ్బులో గొడవ వచ్చినప్పుడు అందరికంటే ముందు నష్టపోయేది పిల్లాడే. అతనికి ఓటు ఉండదు, కమిటీలో కుర్చీ ఉండదు, పెద్దవాళ్లకు ఎదురు చెప్పే అలవాటు కూడా ఉండదు.

సభ్యుడు అంటే ఎవరు

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి క్లబ్బులు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. కనీసం 7 మంది సభ్యులు కలిసి, సంఘం ఆశయాలు, బైలాలు రాసుకుని రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తే సంఘం ఏర్పడుతుంది. నడవడి నియమాలు బైలాలలోనే ఉండవచ్చు, విడిగా కూడా రాసుకోవచ్చు. అయితే ఎక్కువచోట్ల వాటిని పిల్లల కోసమే రాస్తున్నారు. టైముకి రావాలి, యూనిఫాం వేసుకోవాలి, సీనియర్లకు గౌరవం ఇవ్వాలి, కోచ్ మాటకు ఎదురు చెప్పకూడదు. అంతటితో అయిపోతుంది. కోచ్ ఎలా ఉండాలి, కార్యదర్శి లెక్కలు ఎవరికి చూపాలి, బౌండరీ దగ్గర నిలబడి అరిచే తండ్రి ఏం చేయకూడదు అన్నవి అందులో కనబడవు.

సరైన నియమావళిలో సభ్యుడు అంటే ఆడే పిల్లాడు ఒక్కడే కాదు. కోచ్, మేనేజర్, స్కోరర్, అంపైర్, కమిటీ పెద్దలు, ఫారం మీద సంతకం పెట్టిన తల్లిదండ్రులు అందరూ దాని కిందికి వస్తారు. పదేళ్ల పిల్లాడికి 12 నిబంధనలు రాసి, అతన్ని బస్సెక్కించి పక్క జిల్లాకు తీసుకెళ్లే పెద్దమనిషికి ఒక్కటీ రాయకపోతే దాన్ని నియమావళి అనడం కష్టమే.

యువకులు సంఘం పెట్టుకుని దాన్ని కట్టుబాటుతో నడపడం వేటపాలేనికి కొత్త సంగతి కాదు. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి 1918లో మొదలుపెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఒక యువజన సంఘం పనిగానే పుట్టింది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. నూరేళ్లు దాటినా పుస్తకాలు నిలిచి ఉన్నాయంటే తీసుకున్నవాళ్లు తిరిగిచ్చారని, చూసుకునేవాళ్లు లెక్క రాశారని అర్థం. ఆటల సంఘానికి కావాల్సిందీ ఇంచుమించు అదే కట్టుబాటు. కాకపోతే ఇక్కడ లెక్క చెప్పాల్సింది పుస్తకాలకు కాదు, పిల్లలకు.

వయసు దగ్గర మొదలయ్యే తప్పు

క్లబ్బుల్లో జరిగే తప్పుల్లో ఎక్కువగా కనబడేది, ఎవరూ తప్పుగా అనుకోనిది వయసు తగ్గించి చూపడం. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలుగా జరుగుతాయి. క్రికెట్‌లో 16, 19, 23 ఏళ్ల లోపు అని ఉంటాయి. కబడ్డీలో వయసుతోపాటు బరువు కూడా చూస్తారు. ఒక్క ఏడాది తగ్గితే జట్టులో చోటు దొరుకుతుందన్నప్పుడు మనసు లాగడం సహజమే.

మన ఇళ్లలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. పాత రోజుల్లో పుట్టిన తేదీ రాయించడం అలవాటు లేదు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు ఏదో ఒక జూన్ తేదీ వేసేసేవారు. ఆధార్‌లో ఒక తేదీ, రేషన్ కార్డులో ఒక వయసు, బడి రికార్డులో ఇంకో తేదీ ఉన్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇందులో మోసం ఏమీ లేదు, నిర్లక్ష్యం ఉంది. కానీ క్లబ్బువాళ్లు వచ్చి ఈ మూడింటిలో చిన్న వయసు చూపే కాగితమే ఇవ్వండి భాయ్ అన్నప్పుడు, ఆ కాగితం తప్పని తెలిసీ ఇస్తే అక్కడి నుంచి అది మోసమే అవుతుంది.

దీనివల్ల పోయేది ఎవరి చోటు? నిజంగా 14 ఏళ్లున్న ఇంకో పిల్లాడిది. 16 ఏళ్లవాడి ముందు అతను పొట్టిగా, బలం లేనివాడిగా కనబడతాడు. ఒకటి రెండుసార్లు సెలెక్షన్‌లో పోయాక ఆట మానేసి ఏ సెల్‌ఫోన్ షాపులోనో పనికి కుదురుతాడు. అతని పేరు ఏ రికార్డులోనూ ఉండదు కాబట్టి ఎవరికీ పాపం చేసినట్టు అనిపించదు. వయసు తగ్గించుకున్నవాడికైనా మేలు జరుగుతుందా అంటే, పెద్దల జట్టుకు వెళ్లేసరికి అందరూ సమానమైపోతారు. చిన్నవాళ్ల మీద ఒంటి బలంతో గెలిచినవాడికి ఆట నేర్చుకునే అవసరం అప్పటిదాకా రాలేదు. అప్పుడు నేర్చుకుందామంటే వయసు దాటిపోయి ఉంటుంది.

రాహుల్ ద్రవిడ్ 2015 డిసెంబరులో పటౌడీ స్మారక ఉపన్యాసంలో ఈ విషయం గట్టిగా ఎత్తారు. తన వయసు అబద్ధమని, దాన్ని కోచ్ నడిపించాడని, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారని తెలిసిన పిల్లాడు పెద్దయ్యాక ఫిక్సింగ్‌కు ఒప్పుకుంటే ఆశ్చర్యం ఏముంది, తన దృష్టిలో రెండూ ఒకటే అన్నది ఆయన మాటల సారాంశం.

పట్టుకునే పద్ధతులు కూడా గట్టిపడ్డాయి. కేంద్ర క్రీడల శాఖ 2010లోనే వయసు మోసాల మీద జాతీయ నియమావళి తెచ్చింది. క్రికెట్ బోర్డు 16 ఏళ్ల లోపు ఆటగాళ్లకు ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగడుతుంది. దాన్ని టీడబ్ల్యూ3 పరీక్ష అంటారు. 2020లో బోర్డు ఒక అవకాశం ఇచ్చింది. గడువులోపు తామే వచ్చి అసలు వయసు ఒప్పుకుంటే నిషేధం లేకుండా తగిన విభాగంలో ఆడనిస్తామని, ఒప్పుకోకుండా పట్టుబడితే 2 ఏళ్లు నిషేధమని ప్రకటించింది. పుట్టిన 2 ఏళ్ల తర్వాత ఎప్పుడో రిజిస్టర్ చేయించిన సర్టిఫికెట్ ఉన్నవాళ్లు 19 ఏళ్ల లోపు విభాగంలో ఎన్ని సంవత్సరాలు ఆడవచ్చో కూడా పరిమితి పెట్టింది. అంటే ఆలస్యంగా తీసుకున్న సర్టిఫికెట్ మీద బోర్డుకు ముందే అనుమానం ఉందన్నమాట.

అందువల్ల ఇంట్లో బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపే రిజిస్టర్ చేయించడం మేలు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, తిరుగుడు ఎక్కువ. 2023 సవరణ తర్వాత, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలుకొని చాలా పనులకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. బడి రికార్డు చూపించి సర్దుకుపోయే రోజులు ఆ పిల్లలకు ఉండవు.

ఇంకో వైపు కూడా చూడాలి. ఒకడు బాగా ఆడుతుంటే "వాడికి వయసెక్కువ" అని పుకారు లేపడం కూడా క్లబ్బుల్లో ఉంది. బ్యాడ్మింటన్ ఆటగాడు లక్ష్య సేన్, అతని అన్న చిరాగ్ సేన్ మీద వయసు తగ్గించారని పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది. అన్నదమ్ములు అంతకాలం ఆ నిందను మోశారు. ఆధారం లేకుండా ఆరోపించడం కూడా నియమ ఉల్లంఘనే అని బైలాలో రాసుకోవడం మంచిది.

వయసు విభాగంలో ఒక చోటు ఎంత విలువైనదో తెలియాలంటే గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ను గుర్తుచేసుకోవాలి. 2022లో వెస్టిండీస్‌లో జరిగిన అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 పరుగులు చేశాడు. కొడుకును ప్రాక్టీసుకు తిప్పడం కోసం తండ్రి ఉద్యోగం వదులుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. అలాంటి ఇంటి పిల్లాడి చోటు ఎవరో తప్పుడు కాగితంతో లాగేసుకుంటే అడిగే దిక్కు ఉండదు.

గ్రౌండ్‌లో నోరు, చెయ్యి

అంపైర్ నిర్ణయం తప్పని తెలిసినా ఒప్పుకోవాలన్నది పాత నియమమే. వీధి టోర్నమెంట్లలో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. బ్యాటింగ్ టీమ్‌వాడే అంపైరింగ్ చేసేచోట ఇది ఇంకా కష్టం. టోర్నమెంట్ పెట్టేవాళ్లు రెండు టీమ్‌లకూ సంబంధం లేని మనిషిని నిలబెట్టి, అతనికి కాస్త దారిఖర్చు ఇస్తే సగం గొడవలు తగ్గుతాయి.

తిట్లలో అన్నీ ఒకటి కాదు. అవుటైన కోపంలో వచ్చే మాట వేరు. ఎదుటివాడి కులం, మతం, ఒంటి రంగు, ఇంటి పని ఎత్తి అనడం వేరు. మొదటిదానికి మందలింపు చాలు. రెండోదానికి ఆ మ్యాచ్ నుంచి పంపేయడం కనీస శిక్షగా ఉండాలి. అది తన టీమ్ స్టార్ అయినా సరే. మాట పడ్డ పిల్లాడు ఏం చేయాలన్నదానికి హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ దారి చూపించాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర ప్రేక్షకులు కొందరు అతన్ని దూషించారు. అంతకు కొన్ని వారాల ముందే తండ్రి చనిపోయారు, అయినా ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. అయినా తిరిగి తిట్టలేదు, వేలు చూపలేదు. నేరుగా కెప్టెన్ దగ్గరికి, అంపైర్ల దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆట ఆగింది, కొందరిని స్టాండ్ నుంచి బయటికి పంపారు, క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది. తర్వాతి బ్రిస్బేన్ టెస్టులో అతను ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. ఓర్చుకోమని పిల్లలకు చెప్పడం సులువే. కానీ ఫిర్యాదు చేస్తే అంపైర్, కెప్టెన్ వింటారన్న నమ్మకం అక్కడ ఉంది. వేటపాలెం గ్రౌండ్‌లో ఆ నమ్మకం ఇవ్వాల్సింది కమిటీయే.

ఆట అయ్యాక చేయి కలపడం చిన్న విషయంలా కనబడుతుంది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు వెళ్లే ముందు తనకూ ట్రయల్ పెట్టమని కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. అవతల ఉన్నది మేరీ కోమ్. డిసెంబరు 28న ఢిల్లీలో జరిగిన ట్రయల్‌లో మేరీ కోమ్ 9-1తో గెలిచింది, కానీ చేయి కలపలేదు. నిఖత్ ఓడిపోయింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. ఇందులో రెండు సంగతులున్నాయి. ఎంత పెద్ద ఆటగాళ్లయినా ఓడినవాళ్లతో చేయి కలపకపోతే జనం గుర్తుపెట్టుకుంటారు. దానికంటే ముఖ్యం, సెలెక్షన్ ట్రయల్ ద్వారానే జరగాలని అడగడం క్రమశిక్షణ తప్పడం కాదు. చిన్న క్లబ్బుల్లో "నన్నెందుకు తీయలేదు సార్" అని అడిగిన పిల్లాడిని పొగరున్నవాడిగా ముద్రవేసి పక్కనబెడతారు. సెలెక్షన్ ఎలా చేశారో అడిగే హక్కు నియమావళిలో రాసి ఉండాలి.

కోచ్ చేతిలో పెట్టిన బిడ్డ

మన ఇళ్లలో బిడ్డను ఒకరి దగ్గర వదిలితే అమానత్ అంటారు. చట్టం కూడా కోచ్‌ను ఇంచుమించు అలాగే చూస్తుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని అబ్బాయైనా అమ్మాయైనా బాలలే. నమ్మకంతో అప్పగించిన స్థానంలో ఉన్నవాడు, అధికారం ఉన్నవాడు నేరం చేస్తే దాన్ని మరింత తీవ్రమైనదిగా లెక్కగట్టి ఎక్కువ శిక్ష వేస్తారు. ఒంటి మీద చేయి వేస్తేనే నేరం అనుకోవద్దు. దురుద్దేశంతో పిల్లలకు పదేపదే మెసేజ్‌లు పెట్టడం, వెంటపడటం కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. అబ్బాయిలకు ఇలాంటివి జరగవనుకోవడం మన ఇళ్లలో ఉన్న పెద్ద పొరపాటు. చట్టం ఆ తేడా చూపలేదు.

అన్నిటికంటే క్లబ్బు పెద్దలు తెలుసుకోవాల్సింది 19, 21 సెక్షన్లు. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు. సంస్థ నడిపే వ్యక్తి తన కింద పనిచేసేవాడి గురించి దాచిపెడితే ఏడాది దాకా జైలు. కాబట్టి "క్లబ్బు పరువు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం" అనే పంచాయతీకి ఇక్కడ చోటు లేదు. కోచ్‌ను మాన్పించి వేరే ఊరు పంపేయడం కూడా పరిష్కారం కాదు, ఆ ఊళ్లోనూ పిల్లలు ఉంటారు.

స్టేషన్ అంటే భయపడే తల్లిదండ్రులకు ఒక సంగతి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలని, వీలైనంతవరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలని, ఆ సమయంలో యూనిఫాంలో ఉండకూడదని చట్టమే చెబుతోంది. బిడ్డ పేరు, ఫోటో, బడి, ఊరు గుర్తుపట్టేలా ఎక్కడా రాయకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు తిప్పేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కూడా ఉంది. అందులో పనిచోటు అన్న మాటకు ఇచ్చిన అర్థంలో క్రీడా సంస్థ, స్టేడియం, పోటీలు జరిగే స్థలం, శిక్షణ శిబిరం చేరి ఉన్నాయి. 10 మంది పనిచేసే సంస్థ అయితే అంతర్గత కమిటీ పెట్టాలి. అంత పెద్దది కాని క్లబ్బు మీద ఫిర్యాదు ఉంటే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ వింటుంది.

కొట్టడం గురించి మాట్లాడితే కొందరు పెద్దలు నవ్వేస్తారు. మా డ్రిల్ మాస్టారు కర్ర విరిగేదాకా కొట్టాడు కాబట్టే మేమిలా ఉన్నాం అంటారు. బడిలో పిల్లల్ని శారీరకంగా, మానసికంగా హింసించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. బాధ్యతగా చూసుకోవాల్సిన పెద్దవాళ్లు బిడ్డ పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే 2015 బాలల న్యాయ చట్టం కింద 3 ఏళ్ల దాకా శిక్ష పడుతుంది. ఎండలో రౌండ్లు కొట్టించి నీళ్లు ఇవ్వకపోవడం, బరువు తగ్గాలని కబడ్డీ పిల్లలకు రెండు రోజులు తిండి మాన్పించడం శిక్షణ కిందికి రావు.

మంచి క్లబ్బుల్లో కొన్ని చిన్న కట్టుబాట్లు పాటిస్తారు. కోచ్ ఏ పిల్లాడితోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండడు. పిల్లలకు విడిగా మెసేజ్ పెట్టడు, తల్లిదండ్రులు ఉన్న గ్రూపులోనే చెబుతాడు. బయటి ఊరు వెళితే అమ్మాయిల వెంట ఒక మహిళ ఉంటుంది. కోచ్‌కు, పిల్లలకు వేర్వేరు గదులు. వీటికి డబ్బు ఖర్చు లేదు. ఒప్పుకోని కోచ్ ఎంత గొప్పవాడైనా బిడ్డను అక్కడ వదలడం మంచిది కాదు.

కోచ్ ఎలా ఉండాలో చూపించడానికి దూరం పోనక్కర్లేదు. భారత ఫుట్‌బాల్‌కు 1951, 1962 ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా టీచర్. అందరూ రహీం సాబ్ అనేవారు. పిల్లాడు బంతి తన దగ్గరే ఉంచుకోకుండా పక్కవాడికి అందించడం నేర్చుకోవాలని డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టించారు. ఒంటరిగా మెరిసే అలవాటును తిట్టి కాదు, ఆట పద్ధతినే మార్చి తగ్గించారు. 1962 సెప్టెంబరులో జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. తర్వాతి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. 2024లో వచ్చిన "మైదాన్" సినిమా ఆయన కథే.

డబ్బు, బెట్టింగ్, శిక్ష

సంక్రాంతి టోర్నమెంట్లకు దాతలు ఇచ్చే ప్రైజ్‌మనీ, ఎంట్రీ ఫీజులు, కిట్ల కోసం వసూలు చేసిన మొత్తం ఇవన్నీ సంఘం డబ్బే, కార్యదర్శి జేబు కాదు. రిజిస్టర్ అయిన సంఘం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్క చూపాలి. అడిగినవాణ్ణి అనుమానించేవాడిలా చూడకూడదు. ఫీజు కట్టలేని పిల్లాడి పేరు నలుగురి ముందు చదవడం కూడా చాలాచోట్ల ఉంది, అది మానుకోవాలి.

సర్టిఫికెట్ల సంగతి ఇప్పుడు ఇంకా ముఖ్యం. రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఆడని పోటీకి ఆడినట్టు కాగితం పుట్టించాలన్న ఆశ దాంతోపాటే పెరుగుతుంది. అలాంటి కాగితం మీద సంతకం పెట్టిన కార్యదర్శి మీదా కేసు అవుతుంది, తీసుకున్న కుర్రాడి ఉద్యోగమూ పోతుంది.

బెట్టింగ్ విషయంలో నియమం ఒక్క వాక్యంలో ఉంటే చాలు. తాను ఆడే ఆట మీద, తన టీమ్ మీద, సెల్‌ఫోన్ యాప్‌లో అయినా టీకొట్టు దగ్గర అయినా పందెం కట్టకూడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. జిమ్‌లో ఎవరో ఇచ్చే పౌడర్లు, ఇంజెక్షన్ల సంగతీ అంతే. డాక్టర్ రాయకుండా ఏదీ తీసుకోకూడదు. తెలియక తిన్నానంటే నాడా ఊరుకోదు.

అయితే నేరం ఎంత పెద్దదైనా శిక్ష వేసే పద్ధతి ఒకటుంది. ఇది హైదరాబాద్ ఇళ్లలో ఇప్పటికీ మనసు నొచ్చుకునే కథ. మాజీ కెప్టెన్ అజహరుద్దీన్‌ను ఫిక్సింగ్ ఆరోపణ మీద క్రికెట్ బోర్డు 2000 డిసెంబరులో జీవితకాలం నిషేధించింది. ఆయన టెస్టులు 99 దగ్గర ఆగిపోయాయి. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టం ముందు నిలవదని తేల్చింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు, తిరిగి ఆడే వయసు కాదు. ఆరోపణ సంగతి అభిమానులు, విమర్శకులు ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడుకుంటారు. క్లబ్బు కమిటీలు పట్టించుకోవాల్సింది ఇంకొకటి. సరైన విచారణ లేని శిక్ష పన్నెండేళ్ల తర్వాతైనా పడిపోతుంది. తప్పు చేసినవాణ్ణి కూడా శిక్షించలేని పరిస్థితి వస్తుంది. అందుకే 15 ఏళ్ల పిల్లాడిని టీమ్ నుంచి తీసేసేటప్పుడు కూడా ఆరోపణ ఏమిటో కాగితం మీద చెప్పాలి. తల్లిదండ్రుల్ని పక్కన కూర్చోబెట్టి అతని మాట వినాలి. ఫిర్యాదు చేసినవాడే తీర్పు చెప్పేవాడు కాకూడదు. శిక్ష ఎన్నాళ్లో రాయాలి, పైన ఎవరికి అప్పీలు చేసుకోవచ్చో చెప్పాలి. "ఇంక రావద్దు" అని గేటు దగ్గర చెప్పి పంపడం శిక్ష కాదు, పంతం.

రోజా, హిజాబ్, అమ్మాయిల ఆట

రంజాన్‌లో రోజా ఉన్న పిల్లాడిని మధ్యాహ్నం మూడింటికి పరిగెత్తించకుండా ప్రాక్టీసును పొద్దునకో, తరావీహ్ అయ్యాకో మార్చవచ్చు. ఆడని రోజులను గైరుహాజరుగా రాయకపోవడం కోచ్ చేతిలో పని. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2021 నుంచి ఇఫ్తార్ వేళకు మ్యాచ్ కాసేపు ఆపుతున్నారు, అక్కడే వీలైతే బాపట్ల జిల్లాలో ఎందుకు కాదు. అదే సమయంలో, రోజా ఉండలేని పిల్లాడిని తోటి పిల్లలు నిలదీయడం కూడా సరైన నడవడి కాదు. అది వాడికీ ఇంట్లోవాళ్లకీ సంబంధించిన విషయం.

దుస్తుల మీద ఇంట్లో ఉండే సందేహాలకు ఆటల సంస్థలే చాలావరకు జవాబిచ్చాయి. ఫుట్‌బాల్‌లో తలకు కట్టుకునే వస్త్రాన్ని 2014లో, బాస్కెట్‌బాల్‌లో 2017లో అనుమతించారు. స్థానిక క్లబ్బు వద్దంటే ఆ ఆట నియమం ఏం చెబుతోందో అడగవచ్చు.

ఎవరికి చెప్పాలి

2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం జాతీయ క్రీడా సంఘాలకు నైతిక ప్రవర్తన కమిటీ, వివాద పరిష్కార కమిటీ, ఆటగాళ్ల కమిటీ, మహిళలకు, బాలలకు రక్షణ విధానం తప్పనిసరి చేసింది. తగాదాల కోసం జాతీయ క్రీడా ట్రిబ్యునల్‌కు చోటిచ్చింది. ఈ చట్టం నేరుగా వేటపాలెం వీధి క్లబ్బు దాకా రాదు. కానీ రాష్ట్ర, జిల్లా సంఘాలు పైవాళ్ల దారిలో నడవాల్సి వస్తుంది, వాటి గుర్తింపు కావాల్సిన క్లబ్బూ అడుగు మార్చుకోక తప్పదు.

అంతవరకు ఉన్న దారులివి. సెలెక్షన్, ఫీజు, తిట్లు లాంటివి ముందు రాతపూర్వకంగా క్లబ్బు కార్యదర్శికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. జవాబు రాకపోతే జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి చెప్పవచ్చు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడక ముందు వేటపాలెంవాళ్లు ఒంగోలు వెళ్లాల్సి వచ్చేది, ఇప్పుడు రైల్లో కొన్ని స్టేషన్ల దూరమే. సంఘం లెక్కలు, ఎన్నికల తగాదా అయితే సొసైటీల చట్టం కింద జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. బిడ్డ ఒంటికి, మనసుకు హాని జరిగిన విషయమైతే క్లబ్బు జవాబు కోసం ఒక్కరోజు కూడా ఆగక్కర్లేదు. చైల్డ్‌లైన్ 1098, పోలీసు 112 నంబర్లు రాత్రీ పగలూ పనిచేస్తాయి.

ఫారం మీద సంతకం పెట్టే రోజున అబ్బా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. క్లబ్బు రిజిస్టర్ అయిందా? నియమాల కాగితం తెలుగులో ఉందా, ఒక కాపీ ఇంటికిస్తారా? బయటి ఊరు వెళితే వెంట ఎవరు వస్తారు? కోచ్ మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి? చివరి ప్రశ్నకు కమిటీలో కోచ్ కాని ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు వెంటనే చెప్పగలగాలి. ఆ నంబరు పిల్లాడి నోటుపుస్తకంలో కూడా రాసి పెట్టాలి.